బాగుచేశావు అన్న మాట

కుట్టు షాపు, కటింగ్ బల్ల
శుక్రవారం, భోజనాల వేళ

వదినకు,

నువ్వు చెప్పి వెళ్ళినట్టే నిన్న గురువారం ప్రార్థన కూటం జరిపించాను. జరిపించాను అంటున్నాను గానీ, అది జరిగిందో జారిందో నాకే తెలియడం లేదు.

ఆరింటికి మెషిన్లన్నీ ఆపించి, కటింగ్ బల్ల గోడకి నెట్టి, గుడ్డ తాన్లు చుట్టి మూల పెట్టి, నువ్వు ఎప్పుడూ పరిచే చోటే చాప పరిచాను. తొమ్మిది మంది వచ్చారు. అందరూ కూర్చుని నా మొహం చూశారు. నేనూ వాళ్ళ మొహాలు చూశాను. ఎవరైనా పాట మొదలుపెడతారని నేను, నేను మొదలుపెడతానని వాళ్ళు. చివరికి రిటైరైన పోస్టుమాన్ గారు గొంతు సవరించుకుని అందుకున్నారు. ఆయన సంగతి తెలుసుగా, ఎప్పుడూ అందరికంటే ఒక చరణం వెనక నడుస్తారు. ఆయనే ముందు పాడితే ఎవరికీ ఇబ్బంది లేదని నిన్ననే తెలిసింది.

ప్రార్థన మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. చెప్పినవే మళ్ళీ చెప్పాను. వానలన్నాను, రోగులన్నాను, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళన్నాను, మళ్ళీ వానల దగ్గరికి వచ్చాను. మాటలు అందడం లేదని ఒక కన్ను తెరిస్తే, సరిగ్గా అప్పుడే పోస్టుమాన్ గారి భార్య కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. ఇద్దరం గభాలున మూసుకున్నాం.

అంతా అయ్యాక మన షాపులో గుండీలకి కాజాలు కుట్టే కాజాల పిల్ల నా ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇరవై ఆరేళ్ళు వచ్చినా అందరికీ కాజాల పిల్లేగా. పోయిన నెల కాజాల మెషిన్ మీదే మూర్ఛొచ్చి పడిపోయింది, నీకు తెలుసు. అప్పటినుంచి ఓనరు ఆమెను మెషిన్ ఎక్కనివ్వకుండా దారాలు కత్తిరించే పనిలో పెట్టాడు. "అక్కా, నా మూర్ఛ పోవాలని ప్రార్థన చెయ్యి. టీచరమ్మగారుంటే చేసేవారు" అంది. తల మీద చెయ్యి పెట్టి నువ్వు ఎలా అనేదానివో గుర్తు తెచ్చుకుని అలాగే అనేశాను. గొంతు కూడా నీదే వచ్చిందని పోస్టుమాన్ గారు అన్నారు.

ఒక్క మాట అడుగుతాను. ఇన్నేళ్ళూ గుమ్మం పక్కన కూర్చుని ఎప్పుడైపోతుందా అని గడియారం చూసినదాన్ని నేను. నమ్మకం ఉందా అంటే ఉందని చెప్పలేను, లేదని చెప్పడానికి భయం. ఇంతమంది ఉండగా నాకెందుకు అప్పగించావు?

మీ చెల్లెలి మోకాలు ఎలా ఉంది? ఫోన్‌లో నీ చెవికి సగం మాటే అందుతోంది. మొన్న నేను చాప అంటే నువ్వు చేప అనుకుని ఏ కూర అని అడిగావు. అందుకే ఉత్తరం.

నీ ఆడపడుచు


చెల్లెలి ఇల్లు, సైకిల్ షాపు మీద రెండో అంతస్తు
మంగళవారం

అమ్మడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వుకోవడానికి, ఒకసారి దిద్దడానికి. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, ఎర్ర పెన్ను చేతిలో లేకపోయినా దిద్దకుండా ఉండలేను.

పాట నువ్వే ఎత్తుకో. గొంతు బాగుండక్కర్లేదు, ముందుండాలి, అంతే. ప్రార్థన అయిదు నిమిషాలు దాటనివ్వకు. ఆపడం తెలియకపోతే ఊపిరి తీసుకునే చోట ఆమెన్ అనెయ్యి, వాళ్ళూ అనేస్తారు, అందరికీ ఇంటికి వెళ్ళే తొందర ఉంటుంది. ఎవరైనా తమ ఇంటి గొడవ ఏడుస్తూ చెప్పుకుంటే విను గానీ, దాన్ని పదిమందిలో ప్రార్థనలోకి తీసుకురాకు.

ఇంకొకటి. జబ్బు మనిషి తల మీద చెయ్యి పెట్టినప్పుడు "బాగుచెయ్యి ప్రభువా" అను. "బాగుచేశావు ప్రభువా" అనకు. దేవుడితో మాట్లాడేటప్పుడు భూతకాలం వద్దు. టీచరు చాదస్తం అనుకో, అయినా పాటించు.

నీకెందుకు అప్పగించానంటే, ఆ గది తాళంచెవి నీ దగ్గర ఉంటుంది. అంతకంటే ఏమీ లేదు.

చెల్లెలి మోకాలు అలాగే ఉంది. నేను ఇప్పట్లో కదలడానికి లేదు.

వదిన


కుట్టు షాపు
శుక్రవారం

వదినకు,

నెల దాటిపోయింది, రాయలేకపోయాను. ఈసారి చాప చాలలేదు. బెడ్‌షీట్ల తాను విప్పి పరిచాం. ముప్ఫై నాలుగు మంది, గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు కాక.

కాజాల పిల్లకి ఆ గురువారం తర్వాత ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. ఆరు వారాలు. నెలకి రెండు మూడుసార్లు పడిపోయే మనిషి. ఓనరు మెషిన్ మళ్ళీ ఇచ్చాడు. నిన్న అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పింది. "అక్క చెయ్యి పెట్టినప్పుడు నా తల్లోంచి ఏదో బయటికి పోయినట్టయింది. ఆ రోజే అనుకున్నాను, పోయిందని." వాళ్ళమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆసుపత్రి వెనక వీధిలోంచి, బస్సు డిపోలోంచి కూడా మనుషులొచ్చి నా ముందు వరస కట్టారు. ఒకాయన నడుం నొప్పి అన్నాడు. ఒకావిడ అత్తగారు అంది, జబ్బేమిటని అడిగితే అత్తగారే అంది.

నీకో సంగతి చెప్పాలి. నీ ఉత్తరం రాకముందే, మొదటి రోజే, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి "సంపూర్ణంగా బాగుచేశావు ప్రభువా, నీకు స్తోత్రం" అనేశాను. నువ్వు వద్దన్న మాటే. కాని అది నీ దగ్గర విన్నదే కదా, నువ్వు ఎన్నిసార్లు అన్నావో. మరిప్పుడెందుకు వద్దంటున్నావో అర్థం కాలేదు. ఫలించింది కూడా.

నేను చేశానంటావా వదినా? నా చేతిని చూసుకుంటూనే ఉన్నాను. చాక్‌పీసు పొడి, కత్తెర పట్టి పట్టి కాయ కాసిన వేలు. అదే చెయ్యి. నిన్న అలా చూసుకుంటూ ఒక స్కూలు చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాను.

నీ ఆడపడుచు


చెల్లెలి ఇల్లు
సోమవారం

అమ్మడూ,

ఆ పిల్ల మాత్రలు వేసుకుంటోందా? వెంటనే రాయి.

వదిన


కుట్టు షాపు
శనివారం

వదినకు,

నీ కార్డు అందింది. ఇక్కడి సంగతులు బోలెడు ఉన్నాయి, ముందు అవి రాస్తాను.

ఓనరు పక్కనున్న ఇస్త్రీ గది కూడా మనకి ఇచ్చాడు, గురువారాలు మాత్రం. బస్సు డిపో వాళ్ళు పాత బెంచీలు ఆరు తెచ్చిపెట్టారు. ఒకదానికి కాలు పొట్టి, అట్టముక్క పెడితే సర్దుకుంది. బెంచీలొచ్చాక చాప మీద ఎవరు కూర్చోవాలి, బెంచీ మీద ఎవరు కూర్చోవాలి అని మాట పట్టింపులు మొదలయ్యాయి. ముందొచ్చినవాళ్ళు మాకే అంటారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు మాకే అంటారు. మోకాళ్ళు నొప్పి లేనివాళ్ళు ఎవరని అడిగితే ఒక్కరూ చెయ్యెత్తలేదు.

పోస్టుమాన్ గారు పాటల పుస్తకం రాస్తున్నారు, ఆయన వంతు చరణాలు పెద్దక్షరాలతో. మా ఆయన కూడా రెండు వారాలుగా వస్తున్నాడు. నన్ను ఇంట్లో "అమ్మగారూ" అని పిలుస్తున్నాడు, ఎగతాళో గౌరవమో తెలియడం లేదు, ఆయనకీ తెలిసినట్టు లేదు. పాతవాళ్ళలో ఇస్త్రీ కొట్టు ఆయన ఒక్కడే రావడం లేదు. భార్య పోయాక ఆయన తన కొట్టు దాటి బయటికే రావడం లేదట. పిలవనా?

నువ్వు అడిగినదానికి మళ్ళీ తీరిగ్గా రాస్తాను. కస్టమర్లు నిలబడ్డారు.

నీ ఆడపడుచు


చెల్లెలి ఇల్లు
బుధవారం

అమ్మడూ,

నాలుగు పేజీలు రాశావు. బెంచీ కాలి కింద అట్టముక్క దాకా రాశావు. నేను అడిగిన ఒక్క ముక్క రాయలేదు.

నా దగ్గర చదువుకున్న పిల్లలు జవాబు రానప్పుడు అక్షరాలు పెద్దవి చేసి పేజీ నింపేవాళ్ళు. నీ అక్షరాలు కూడా పెద్దవయ్యాయి.

వేసుకుంటోందా, లేదా?

వదిన


ఇంటి నుంచి
ఆదివారం

వదినా,

లేదు. మానేసింది.

నాకు మూడో వారంలోనే తెలుసు. గుడ్డ పేలికల డబ్బా ఖాళీ చేస్తుంటే మాత్రల అట్ట కనిపించింది, సగం మాత్రలు అలాగే ఉన్నాయి. పిలిచి అడిగాను. "నువ్వే అన్నావుగా అక్కా, సంపూర్ణంగా బాగుచేశావని. బాగయ్యాక మాత్రలెందుకు?" అంది. తెలివితక్కువది కాదు వదినా ఆ పిల్ల. "ఆ మాత్ర వేసుకుంటే తల్లో దూది కుక్కినట్టుంటుంది. కాజా ఒక చోట, గుండీ ఒక చోట పడేది. ఇప్పుడు చూడు నా చేతులు" అని కాజాలు కుట్టి చూపించింది. నిజమే. గీత గీసినట్టు ఉన్నాయి.

చెప్పాలనుకున్నాను. ఆ సాయంత్రం చెబుదామనుకుంటే వాళ్ళమ్మ పక్కనుంది. గురువారం చెబుదామనుకుంటే ఇరవై మంది వచ్చారు. ఆరో వారం ఆ పిల్ల సాక్ష్యం చెబుతుంటే నోరు తెరిచాను కూడా. అంతమంది చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను.

మాత్రలు వేసుకో అంటే, నేను చేసిన ప్రార్థన మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు. అక్కర్లేదు అనే ధైర్యమూ లేదు. అందుకని ఏమీ అనకుండా ఉన్నాను. అనకపోతే ఏ తప్పూ నా మీదికి రాదనుకున్నానేమో. రాత్రి పక్క మీద పడుకుంటే మాత్రం, ఎందుకో తెలియదు, అట్టలో మిగిలిన మాత్రలు లెక్కపెడుతున్నాను.

ఒకవేళ నిజంగానే బాగైపోయిందేమో కదా? కాకూడదని ఎక్కడుంది? నీది గట్టి నమ్మకం. నువ్వు చెప్పు, నేనేం చెయ్యాలి.

నీ ఆడపడుచు


చెల్లెలి ఇల్లు, బాల్కనీ
గురువారం, పొద్దున

అమ్మడూ,

ఇది చదవగానే వెళ్ళి ఆ పిల్లకి చెప్పు. మిగతాది తర్వాత చదువు. నీకు ఫోన్ చేశాను. నువ్వు హలో అన్నావు, మళ్ళీ హలో అన్నావు. పెట్టేశాను.

మా చెల్లెలి మోకాలికి ఏమీ కాలేదు. రోజుకి నాలుగుసార్లు ఈ రెండంతస్తులూ ఎక్కి దిగుతుంది. నేనే వెనకబడతాను. అక్కడి నుంచి రావడానికి నాకో సాకు కావాలి, దాని మోకాలు దొరికింది.

ఇస్త్రీ ఆయన భార్య చనిపోవడానికి కారణం షుగర్ అని మీ అందరికీ తెలుసు. ఆమె రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది వేయించుకునేది. ఒక గురువారం చాలా నీరసంగా వచ్చింది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. "ఈ బిడ్డను బాగుచేశావు ప్రభువా, ఇక మందులతో సూదులతో పని లేకుండా చేశావు" అన్నాను. ఆలోచించి అనలేదు అమ్మడూ. వాక్యం ఊపులో ఉంది, తూగడానికి ఇంకో ముక్క కావాలి, నోటికొచ్చిన ముక్క అది. అందరూ ఆమెన్ అన్నారు. నువ్వు గడియారం చూస్తున్నావు.

ఆదివారం దారిలో కనిపించి, సూది మానేశాను టీచరమ్మా, అంది. మొహం వెలిగిపోతోంది. నేను "దేవుడికి స్తోత్రం" అన్నాను. మానొద్దు అనలేదు. ఇంటికి నడుస్తూ చెప్పాలనుకున్నాను, రేపు చెబుదామనుకున్నాను. ఆ పై వారం ఆమె పోయింది.

అందరూ దేవుడి చిత్తం అన్నారు. ఇస్త్రీ ఆయన నా రెండు చేతులూ పట్టుకుని "మా ఆవిడకి చివర్లో ధైర్యమిచ్చారు" అని దణ్ణం పెట్టాడు. తిట్టి ఉంటే అక్కడే ఉండగలిగేదాన్ని. ఆ దణ్ణం తర్వాత కూడా నాలుగు నెలలు కూటం నడిపాను, పాడించాను, ప్రార్థన చేశాను. కళ్ళు మూసుకుంటే ఆ ఒక్క వాక్యమే వినిపిస్తుంది, నా గొంతులో, ఎంతో అందంగా. ఇక్కడికి వచ్చాక ఒక్క రోజూ ప్రార్థన చెయ్యలేదు. చెల్లెలు భోజనం ముందు కళ్ళు మూసుకుంటే నేను పళ్ళెం వైపు చూస్తాను.

నీకెందుకు అప్పగించానని అడిగావు. తాళంచెవి అబద్ధం. నమ్మకం మరీ ఎక్కువున్నవాళ్ళ చేతిలో పెట్టడానికి భయమేసింది. నువ్వైతే ఎవరినీ ముంచవనుకున్నాను. నా మాటలే నీ నోట్లోకి వెళ్ళి కూర్చుంటాయని తట్టలేదు. భూతకాలం వద్దని రాశాను గానీ, ఎందుకు వద్దో రాయలేదు. అక్కడ కూడా దాచాను.

లే. వెళ్ళు.

వదిన


జనరల్ ఆసుపత్రి, ఎముకల వార్డు వరండా
ఆదివారం, పొద్దున

వదినా,

ఆ మూగ ఫోన్ నీదేనా. ఎవరో ఆకతాయి అని తిట్టాను కూడా, నీకు వినపడి ఉండదులే.

నీ ఉత్తరం సోమవారం అందింది. చేతిలో కత్తెర అలాగే ఉంచి కాజాల మెషిన్ దగ్గరికి వెళ్ళాను. మాత్రలు వేసుకో, నేను అన్న మాట తప్పు అన్నాను. ఆ పిల్ల మెషిన్ ఆపలేదు. "నువ్వు అనుమానించకు అక్కా. నువ్వు అనుమానిస్తే వెనక్కొచ్చేస్తుంది" అంది. వాళ్ళమ్మకి చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, దిష్టి తగిలి ఉంటుంది నీకు, అంది. మంగళవారం చెప్పాను, బుధవారం చెప్పాను. పని లేక చెబుతున్నదాన్ని చూసినట్టు చూశారు.

గురువారం నలభై ఒక్క మంది వచ్చారు. పాటయ్యాక లేచి నిలబడ్డాను. కళ్ళు మూసుకోలేదు. "ఈ అమ్మాయి మాత్రలు మానేసింది. మానమని దేవుడు చెప్పలేదు. బాగుచేశావని నేను అన్నాను. బాగైందో లేదో నాకు తెలియకుండానే అన్నాను. మీలో ఇంకెవరైనా మందులు మానేసి ఉంటే రేపు మొదలుపెట్టండి" అన్నాను. మధ్యలో ఊపిరి తీసుకున్నాను, ఎవరూ ఆమెన్ అనలేదు.

ముందు బెంచీల చప్పుడు. తర్వాత చెప్పుల చప్పుడు. బస్సు డిపో ఆయన పోతూ పోతూ "ఇంత పిరికిదానివి ఎందుకు కూర్చున్నావమ్మా ఆ చోట్లో" అన్నాడు. కాజాల పిల్ల నా పక్కనుంచే వెళ్ళింది, చూడలేదు. ఒకావిడ మాత్రం, ఆ అత్తగారి ఆవిడ, నా చెవి దగ్గరికొచ్చి "నేను బీపీ బిళ్ళ మానేశానండీ" అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది.

నిన్న శనివారం, షాపు మెట్ల మీద ఆ పిల్లకి మూర్ఛ వచ్చింది. తొమ్మిది మెట్లు. కుడి మణికట్టు విరిగింది, నుదుటి మీద ఆరు కుట్లు. ప్రాణానికి భయం లేదన్నారు. ఇక్కడికి తెచ్చింది నేనే, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను.

వాళ్ళమ్మ వరండాలో అందరూ వినేలా అంది: "పది వారాలు రాలేదు. నువ్వు నోరు తెరిచిన రెండో రోజుకే వచ్చింది. నా బిడ్డని నువ్వే పడేశావు." రోజులు లెక్కపెడితే ఆవిడ చెప్పింది నిజమే కదా.

డాక్టరమ్మని అడిగాను. మందు హఠాత్తుగా ఆపేస్తే ఎప్పుడో ఒకప్పుడు రావడం ఖాయమని, ఇంతకాలం రాకపోవడమే అదృష్టమని, ఇంకా పెద్ద ప్రమాదమే అయ్యేదని చెప్పింది. తర్వాత ఆ పిల్లనే అడిగింది: "మాత్రతో మత్తుగా ఉంటోందని మాకెప్పుడూ చెప్పలేదేం? వేరేది ఇచ్చేవాళ్ళం." పిల్ల గోడ వైపు చూస్తూ, "ఎవరూ అడగలేదు" అంది.

డాక్టరమ్మ మాట వింటున్నప్పుడు అదే నిజమనిపిస్తుంది. వాళ్ళమ్మ ఏడుపు వినిపించగానే ఇది నిజమనిపిస్తుంది. పది వారాలు రాకపోవడం ఏమిటి, మరి? అది ఎవరిచ్చారు? ఇచ్చి ఎందుకు తీసుకున్నారు? నేను నోరు తెరవకుండా ఉంటే ఇంకో పది వారాలు రాకుండా ఉండేదా? నువ్వు చెప్పు.

ఆ పిల్ల నాతో అన్నది ఒకే ఒక్క మాట. "మెషిన్ మళ్ళీ తీసేస్తాడు."

నీ ఆడపడుచు


చెల్లెలి ఇల్లు
శుక్రవారం

అమ్మడూ,

నాకు తెలియదు.

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. రెండు కాగితాలు చించేశాను. ఒకదాంట్లో ఓదార్పు ఎక్కువైంది, ఒకదాంట్లో వాక్యాలు బాగా కుదిరాయి, చదివితే భయమేసింది. ఆ పది వారాలు ఎక్కడివో నాకు తెలియదు. ఇస్త్రీ ఆయన భార్యకి ఎనిమిది రోజులే ఎందుకు దొరికాయో, ఈ పిల్లకి డెబ్భై ఎందుకు దొరికాయో తెలియదు. ఎవరు ఎన్నిసార్లు అడిగినా తెలియదనే చెబుతాను, తెలిసినట్టు చెప్పినందుకే కదా ఇదంతా.

నువ్వు నోరు తెరిచావు, నేను తెరవలేదు. ఆ పిల్ల బతికి ఉంది. ఇంతవరకే నా చేతికి అందుతోంది. ఓనరుతో మాట్లాడు. మణికట్టు బాగయ్యాక ఆ మెషిన్ ఆమెదేనని ఒప్పించు. ప్రార్థన కంటే ముందు ఆ పని చెయ్యి.

దీంతో పాటు ఇంకో కవరు పెడుతున్నాను. అది ఇస్త్రీ ఆయనకి. నేను ఏమన్నానో, ఆదివారం దారిలో ఏమనలేదో, అంతా అందులో ఉంది. ఆయనకి చదువు రాదు. నువ్వు చదివి వినిపించాలి. నీ మీద మోపుతున్నానని తెలుసు. నేనే రావాలి, కాని ఆయన నన్ను చూడగానే మళ్ళీ దణ్ణం పెడితే ఇక జన్మలో చెప్పలేను.

మధ్యలో ఆపకు. ఎక్కడా మెత్తగా చెయ్యకు. ఆయన ఏమన్నా, తిట్టినా, అలాగే రాసి పంపు.

వదిన


కుట్టు షాపు
శుక్రవారం, మధ్యాహ్నం

వదినకు,

ముందు పిల్ల సంగతి. కొత్త మాత్ర ఇచ్చారు, రెండు వారాలుగా వేసుకుంటోంది, వాళ్ళమ్మే అట్ట చూసి లెక్క సరిచూస్తోంది. మత్తు తక్కువే ఉంటోందట, కొంచెం చిరాకు అట. ఓనరుతో మాట్లాడాను. మాట్లాడాను అంటే, కత్తెర బల్ల మీద పెట్టి, ఆమె మెషిన్ ఆమెకి ఇచ్చాకే ఇది ముట్టుకుంటానన్నాను. మర్నాడు సాయంత్రానికి ఒప్పుకున్నాడు. మెషిన్ పక్కన ఎప్పుడూ ఇంకొకరు కూర్చునేలా బల్లలు మార్చాం.

నిన్న కూటానికి ఏడుగురం. కట్టుతో ఆ పిల్ల కూడా వచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు. తల మీద చెయ్యి పెట్టమని తనూ అడగలేదు. "బాగుచెయ్యి" అన్నాను, అందరి గురించీ, ఒక్కసారే. అది ప్రార్థనో కాదో నాకు తెలియలేదు.

మొన్న బుధవారం ఇస్త్రీ ఆయన కొట్టుకి వెళ్ళాను. బల్ల మీద ఎవరిదో తెల్ల చొక్కా ఉంది. టీచరమ్మ ఉత్తరం రాసింది, చదవమంది అన్నాను. "చదువమ్మా" అని పని చేస్తూనే ఉన్నాడు. నువ్వు చెప్పినట్టే ఎక్కడా ఆపలేదు. సూదులతో పని లేకుండా చేశావు అన్న ముక్క కూడా చదివాను. ఆ వాక్యం దగ్గర ఆయన ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టాడు. చివరిదాకా అలాగే నిలబడ్డాడు.

అయ్యాక, "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను.

చొక్కా మడత పెట్టాడు. విప్పి మళ్ళీ పెట్టాడు. "కాగితం ఉందా? నేను చెప్పేది రాస్తావా, చెప్పినట్టే?" అన్నాడు. బిల్లుల పుస్తకం వెనక రాశాను. ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఒక్క ముక్క మార్చలేదు.

"టీచరమ్మగారికి. మీరు అన్నారని మా ఆవిడ మానెయ్యలేదు. మానెయ్యాలని ఎప్పటినుంచో ఉంది. సూది పొడిచేది నేనే. నా చేతులు మొరటు, మెత్తగా పొడవడం రాదు. తొమ్మిదేళ్ళు రోజూ పొద్దున్నే ఏడ్చేది, నేను తిట్టి పొడిచేవాణ్ణి. మీరా మాటన్న మర్నాడు సూది తీశాను. వద్దయ్యా, టీచరమ్మ చెప్పిందిగా, అంది. నేను సరే అన్నాను. వెంటనే అన్నాను. ఒక్కసారి బతిమాలలేదు. సూది డబ్బా పైన అటక మీద పెట్టేశాను. ఆ ఎనిమిది రోజులు మా ఇంట్లో పొద్దున్నే ఎవరూ ఏడవలేదు. ఇద్దరం కూర్చుని టీ తాగాం. ఎంత బాగుందో. నీరసపడుతోందని చూస్తూనే ఉన్నాను. బాగుందని ఊరుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టింది అందుకే. మీరు చేశారంటే, దేవుడు చేశాడంటే, నేను చెయ్యలేదని. ఇప్పుడు మీ మీద కోపం రావాలి. వచ్చిందో లేదో తెలియడం లేదు. మీరు క్షమించమని రాశారు. ఎవరు ఎవరిని అడగాలో నాకు తెలియడం లేదు. వచ్చే వారం గురువారం నుంచి కూటానికి వస్తాను. పాడను. కూర్చుంటాను. మీరు వస్తే మీ పక్కన కూర్చుంటాను. రాకపోయినా వస్తాను."

అంతే చెప్పాడు. వేలిముద్ర వేస్తానన్నాడు. ఇది కోర్టు కాగితం కాదు, అక్కర్లేదన్నాను. బట్టల మీద గుర్తులు పెట్టే సిరా సీసా మూత తీసి, బొటనవేలు ముంచి, ఆ కాగితం మీద ఒత్తి, ఆరేదాకా ఊది, చించి నా చేతికి ఇచ్చాడు. ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను.

నీ ఆడపడుచు